పైకి వచ్చిన పదకొండు నలభై ఏడు

అట్టముక్కల గనిలోంచి, నలభై ఏళ్ల కిందట చచ్చిపోయిన మనిషి టోకెన్ పైకి వచ్చింది.

వచ్చింది మూతపడ్డ బంగారు గని పక్కనున్న ఆండర్సన్‌పేటలో, సొన్నమ్మ ఇంట్లో, మంగళవారం సాయంత్రం కాఫీ వేళకి. ఐదో క్లాసు చదివే మనవరాలు బడిలో ఇచ్చిన ప్రాజెక్ట్ కిట్ విప్పి, అట్టతో చేసిన షాఫ్ట్, అంటే గనిలోకి దిగే బావిని, నిలబెట్టి, దారం చుట్టిన పిడి తిప్పింది. గనిలోకి మనుషుల్ని దింపే కేజ్, ఇక్కడ అగ్గిపెట్టెంత, ఖాళీగా కిందికి దిగింది. పైకి వచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా లేదు. దాని అడుగున అయస్కాంతానికి రూపాయి బిళ్ళంత రేకు అంటుకుని ఉంది.

రేకు మీద 1147.

మనవరాలు చప్పట్లు కొట్టింది. సొన్నమ్మ చేతిలో కాఫీ గ్లాసు జారి పడింది.

బుధవారం పొద్దున, ఆ కిట్లు తయారుచేసే ధన్యకి ఫోన్ వచ్చింది. చేసింది ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ నేత్రావతి మేడం.

"ధన్యా, మీ కిట్లో దయ్యం ఉండాదంట."

"మేడం, ఆ కిట్లో గిలక, దారం, అయస్కాంతం, పిడికెడు మేకులు ఉంటాయి. దయ్యం లిస్టులో లేదు."

"నవ్వొద్దమ్మా. తొమ్మిది మంది పిల్లోళ్లు కిట్లు ఇంటికి తీసుకుపోయినారు. తొమ్మిది ఇండ్లల్లోనూ టోకెన్ పైకి వచ్చింది. తొమ్మిదీ గనిలో పోయినోళ్ల నంబర్లే. ముసలోళ్లు గుర్తుపట్టి ఒకటే ఏడుపు. సొన్నమ్మకైతే సొంత మొగుడి నంబరే వచ్చింది."

ధన్య చేతిలో ఉన్న దారం ఉండ కింద పెట్టేసింది.

"పెట్టెలన్నీ వాపసు పంపిస్తా ఉండాను. శుక్రవారం పేరెంట్స్ మీటింగ్. ఎవరు చేసినారు, ఎందుకు చేసినారు, ఆ దినం చెప్పాల. చెప్పకుంటే మూడు వందల కిట్ల ఆర్డర్ గురించి ఇంగ నన్ను అడగొద్దు."

ఆ మూడు వందల ఆర్డర్ మీదే ధన్య బతుకంతా ఆధారపడి ఉంది. తాత హనుమంతయ్యకి బజారులో బట్టల అంగడి. దాని మేడ మీద ఒకప్పుడు పట్టుచీరల గోడౌను. ఏడాది కిందట ధన్య ఆ మేడ అడిగి తీసుకుంది. ఆరుగురు ఆడవాళ్లతో కిట్ల తయారీ మొదలుపెట్టింది. బెలూన్లతో ఊపిరితిత్తులు, అద్దాలతో పెరిస్కోపు, రాగిరేకు మీద బొమ్మ తేల్చే ఆర్ట్ కిట్. అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైనది షాఫ్ట్ కిట్. ఈ ఊరి పిల్లలకి ఈ ఊరి గనితోనే గిలక పాఠం, అయస్కాంతం పాఠం.

తాత మాట ఒకటే. "ఆర్డర్ వస్తే మేడ నీది పాపా. రాకుంటే దసరాకి మళ్లీ చీరలు ఎక్కుతాయి. ఆ ఆరుమందికీ నువ్వే చెప్పుకోవాల."

మధ్యాహ్నానికి ఆటోలో ముప్పై ఒక్క పెట్టెలు వచ్చాయి. పంపినవి ముప్పై రెండు. సొన్నమ్మ తన పెట్టె ఇవ్వలేదట.

ప్యాకింగ్ చూసే మునిలక్ష్మి అప్పటికే టేబుల్ నాలుగు మూలలా నిమ్మకాయలు పెట్టేసింది.

"మునక్కా, ఇవి ఎందుకు?"

"నీకు కాదులేమ్మా. వాళ్లకి."

ధన్య విప్పని పెట్టె ఒకటి తీసింది. స్టిక్కర్ మీద తన సంతకం చెక్కుచెదరలేదు. షాఫ్ట్ నిలబెట్టి, కేజ్ అడుగున అయస్కాంతం అంటించి, పిడి మునిలక్ష్మి వైపు తిప్పింది.

"నేను ముట్టనమ్మా. నాకు ఇద్దురు పిల్లోళ్లు."

బయట వాన మొదలైంది. రేకుల కప్పు మీద చినుకులు, ఒక్కొక్కటీ ఎవరో వేలితో తట్టినట్టు. ధన్యే పిడి తిప్పింది. కేజ్ నల్లటి షాఫ్ట్‌లోకి దిగింది. అడుగున 'టిక్' మంది. పైకి చుట్టింది.

కేజ్ కింద ఇత్తడి రంగు రేకు వేలాడుతూ వచ్చింది. 862.

"ఎవరు వచ్చినారు పైకి?"

వెనకనుంచి మగ గొంతు. ధన్యా మునిలక్ష్మీ ఒకేసారి కేక పెట్టారు.

గుమ్మంలో అంబరీష్ నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. అతను బోర్డులు రాసే ఆర్టిస్టు. గని పక్క కోరమండల్ అనే పేటలో అవ్వతో ఉంటాడు. షాఫ్టులు కోసి, లోపల రాళ్ల బొమ్మ వేసి తెచ్చేది అతనే.

"చెప్పులు చప్పుడు చేస్తా రావొచ్చు కదా!" అంది ధన్య, గుండె మీద చేయి పెట్టుకుని.

"వానలో తెగిపోయినాయి. కేక బాగుండాది మేడం. ఆర్ట్ కిట్లో పెట్టొచ్చు."

"జోకులొద్దు. ఇది చూడండి."

అంబరీష్ రేకు అందుకున్నాడు. నంబరు చూశాడు. ముఖంలో నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. రేకు బోర్లించి టేబుల్ మీద పెట్టేశాడు. వానకి వణుకుతున్నాడనుకుంది ధన్య.

వీళ్లిద్దరికీ మొదటి రోజే గొడవ. ఆరు నెలల కిందట మోడల్ చూసి అంబరీష్ అన్నాడు, "అంతా బాగుండాది మేడం. టోకెన్ బోర్డు యాడ?" అని. అప్పటికే నలుగురి సలహాలు విని విసిగిపోయిన ధన్య, "మీరు రంగు వేయండి. సైన్స్ నేను చూసుకుంటాను" అనేసింది. ఆ మాటకి అతను తల ఊపి ఊరుకున్నాడు. అప్పటినుంచి ఆమెని పిలిచే ప్రతి 'మేడం'లోనూ ఒక చిన్న ముల్లు ఉంటుంది. ఆ ముల్లు గుచ్చుకోని రోజు ఏదో వెలితిగా ఉంటోందని ధన్య ఈ మధ్యే కనిపెట్టింది. కనిపెట్టి, ఎవరికీ చెప్పలేదు.

"సొన్నమ్మ ఇంటికి పోతాను. వస్తారా?" అంది.

"నేనా? నేనెందుకు?"

"భయమా?"

"భయమే" అన్నాడు అంబరీష్. కానీ ఆమె స్కూటర్ వెనక ఎక్కాడు.

*

సొన్నమ్మ ఇంట్లో పెట్టె మీద పెద్ద అల్యూమినియం బాన బోర్లించి ఉంది. బాన మీద పసుపు, కుంకుమ. సొన్నమ్మ దాని ముందే చాప మీద కూర్చుని ఉంది.

"అవ్వా, ఆ నంబరు మీ ఆయనదేనని ఎట్లా గుర్తుపట్టినావు?" అడిగింది ధన్య.

సొన్నమ్మ ఆమెని జాలిగా చూసింది.

"మొగుడి పేరు ఆడది నోటితో చెప్పకూడదు గదమ్మా. మా గని లైన్ల ఇండ్లల్లో ఆడోళ్లమంతా నంబరుతోనే అంటా ఉంటిమి. 'పదకొండు నలభై ఏడు ఇంగా రాలేదా?' 'పదకొండు నలభై ఏడుకి జ్వరం' అని. ఆయప్ప పేరు నేను ఒక్క దినమూ పలకలేదు. నాకు ఆ నంబరే మొగుడు."

అంబరీష్ గోడకి ఆనుకున్నాడు. "లైన్లలో అందరూ అట్లే పిలుస్తా ఉంటిరా అవ్వా?" అన్నాడు.

"అందరమూ అప్పా. షాఫ్ట్ దగ్గర బోర్డు ఉంటా ఉండె. దిగేటప్పుడు మేకు మీద టోకెన్ తీసుకుని పోతారు. పైకొస్తే మళ్లీ తగిలిస్తారు. మేకు ఖాళీగా ఉండాదంటే మనిషి కిందే ఉండాడని. ఒక దినం లోపల రాయి పగిలింది. మనిషి దొరకలేదు. ఆయప్ప మేకు ఖాళీగానే ఉండిపోయింది."

వీధిలో ఆటో ఒకటి వెళ్లింది. ఆ చప్పుడు దూరమయ్యాక, బాన లోపల,

టక్.

ధన్య అంబరీష్ చేయి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

"దారం... చెమ్మకి వదులై ఉంటుంది. కేజ్ జారింది" అంది.

"అంతే" అన్నాడు అంబరీష్. కానీ అతని చేయి మంచుగడ్డలా ఉంది.

సొన్నమ్మ మాత్రం కదల్లేదు. "పొద్దున్నించీ అట్లే దిగుతా ఉండాడు" అంది మెల్లగా. "వాపసు ఇచ్చేదానికీ భయం. ఉంచుకునేదానికీ భయం. మీరు పోండమ్మా."

తిరిగి వస్తుంటే కోరమండల్ దగ్గర వాన ఎక్కువైంది. కప్పు కూలిన పాత లైన్ల వరండాలో, మిగిలిన రెండు రేకుల కింద నిలబడ్డారు. ఎదురుగా గని తోడిపోసిన బూడిదరంగు మట్టి గుట్టలు వానలో కరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి. వాటి వెనక తుప్పు పట్టిన షాఫ్ట్ చక్రం. అది తిరుగుతోందేమోనని ధన్యకి రెండుసార్లు అనిపించింది. మూడోసారి అటు చూడటం మానేసింది.

"ఈ పని చేసినోడు దొరికితే ఏం చేస్తారు?" అడిగాడు అంబరీష్.

"ఫస్టు ఈ చేత్తో ఒకటి ఇస్తాను. తర్వాత పోలీసులకి ఇస్తాను."

"ఫస్టుదానికే సగం చస్తాడు పాపం."

"మీకెందుకంత జాలి?"

"ఆ దొంగ నేనే అయితే?"

ధన్య పకపకా నవ్వింది. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు. "మీకంత తెలివి యాడిది?"

అంబరీష్ నవ్వలేదు. ఆమె నుదుటి మీద అతుక్కున్న తడి వెంట్రుకల్ని చూస్తూ నిలబడ్డాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో గాలికి పైరేకు ఎగిరి, ఇద్దరి నెత్తినా కుండెడు నీళ్లు పడ్డాయి.

ఆ మాట అక్కడే తడిసిపోయింది.

*

గురువారం ధన్య వల పన్నింది.

మేడ మీద అందరినీ కిందికి పంపి తలుపు వేసింది. కొత్త షాఫ్ట్ ఒకటి తీసుకుంది. గిలక, దారం, అయస్కాంతం, మేకులు ఒక్కొక్కటీ వెలుతురులో చూసి తనే పెట్టెలో పెట్టింది. స్టిక్కర్ వేసింది. గంటసేపు ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. ఎవరూ ముట్టలేదు.

విప్పి, కేజ్ అడుగున అయస్కాంతం అంటించి, పిడి తిప్పింది.

టోకెన్ పైకి వచ్చింది. 2305.

తన రెండు చేతులు తప్ప మూడో చేయి పడని పెట్టెలో ఇది ఎలా? కిందికి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తలేదు. పేపర్ కోసే కత్తి తెచ్చి, షాఫ్ట్‌ని నిలువుగా చీల్చింది.

అడుగున నల్లరంగు. ఆ నలుపు మధ్య రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ, ఎండిన జిగురు చుక్కతో.

టోకెన్ తిప్పి చూసింది. వెనక వైపు అదే నలుపు.

దయ్యం కాదు. ముందే అంటించి పెట్టారు. నల్లటి వైపు పైకి పెట్టి జిగురు చుక్కతో అడుగున అతికిస్తే కంటికి కనిపించదు. ఊపినా చప్పుడు కాదు. అయస్కాంతం తగిలితేనే ఊడి వస్తుంది. అయస్కాంతం అంటించేది పిల్లలు, ఇంట్లో. ప్యాకింగ్‌లో ఒక్కరూ అంటించి చూడరు.

షాఫ్ట్‌కి అడుగు వేసి, నలుపు పూసేది ఒకే ఒక్క మనిషి.

ధన్యకి ముందు కోపం వచ్చింది. ఆ కోపం వెనకే, అంతకంటే పెద్దగా, ఏడుపు వచ్చింది. నిన్న తను పట్టుకున్న చేయి ఈ మనిషిదేనా?

ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్.

కోరమండల్‌లో అతని ఇంటి గుమ్మంలో అవ్వ తాయమ్మ కూర్చుని ఉంది. పక్కన కత్తిరించిన నూనె డబ్బా, గుండ్రంగా కోసిన రేకులు. ధన్యని చూసి నోరారా నవ్వింది.

"కిట్ల పాప నువ్వేనా? రా, కూచో. ఇంగా నంబర్లు కావాలన్నాడా? చెప్తాను, రాసుకో. పందొమ్మిది సున్నా మూడు. ఇరవై ఆరు పదునాలుగు..."

"అవ్వా, ఈ నంబర్లు నీకెట్లా తెలుసు?"

"షాఫ్ట్ గేటు కాడ ఇడ్లీలు అమ్మతా ఉంటిని. దినమూ బోర్డు చూస్తా ఉంటిని. ఏ మేకు ఖాళీ అయిందో నాకు తెలీదా? నా ఎనిమిది అరవై రెండు కూడా దాంట్లోనే పోయె." తాయమ్మ వేళ్లతో ఒక రేకు నిమిరింది. "వాడు అట్ట గని చేస్తా ఉంటే నేనే అన్నాను, 'దీంట్లోంచి మీ తాత వస్తాడా' అని, నవ్వులాటకి. వాడు రేకు కోసి, నంబరు తేల్చి, అడుగున పెట్టి, 'అవ్వా, పిడి తిప్పు' అనె. తిప్పితిని. వచ్చేసినాడమ్మా! నలభై రెండేండ్లకి వచ్చేసినాడు. ఆ దినం నేను రెండు ముద్దలు ఎక్కువ తింటిని."

ధన్య అవ్వ పక్కన గుమ్మంలో కూర్చుంది.

"అంబరీష్ యాడ అవ్వా?"

"తెల్లారే పోయినాడు. నిన్న మొగం మాడ్చుకుని వచ్చి, 'అవ్వా, పెద్ద తప్పు చేసినాను' అనె. యాడికి పోయినాడో చెప్పలేదు."

పారిపోయాడు అనుకుంది ధన్య. సాయంత్రం దాకా పదహారు సార్లు ఫోన్ చేసింది.

*

శుక్రవారం బడి హాలు నిండిపోయింది. ముందు వరసలో హనుమంతయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. వెనక తల్లిదండ్రులు ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు.

"మా అమ్మ మూడు దినాలుగా అన్నం ముట్టలేదు!"

"చచ్చినోళ్లతో ఆటలా? వాడెవడో మాకు చూపించండి. మిగతాది మేము చూసుకుంటాము."

నేత్రావతి మేడం చేయి ఎత్తింది. "ధన్యా, చెప్పమ్మా. ఎవరు?"

ధన్య లేచింది. పేరు నాలుక చివర ఉంది. ఆ పేరు చెబితే చాలు, ఆర్డర్ దక్కుతుంది, మేడ దక్కుతుంది. ఈ జనం అంతా ఇక్కడినుంచి నేరుగా కోరమండల్‌కి పోతారు. గుమ్మంలో కూర్చున్న ఆ ముసలావిడ ముందు నిలబడతారు.

"అవి మా దగ్గర తయారైనవే మేడం" అంది ధన్య. "దయ్యం లేదు, ఏమీ లేదు. చూసుకోకుండా పంపింది నేను. తప్పు నాది."

హాలంతా గోల లేచింది. హనుమంతయ్య తల ఎత్తి మనవరాలిని నిదానంగా చూశాడు.

"అబద్ధం" అన్నారు ఎవరో, తలుపు దగ్గర.

అంబరీష్. రెండు రోజుల గడ్డం, మోకాళ్ల దాకా బురద. అతని వెనక సొన్నమ్మ, కిట్ పెట్టెని పసిబిడ్డలా ఎత్తుకుని. ఆమె వెనక ఇంకో పది పన్నెండు మంది ముసలివాళ్లు.

"ఆయమ్మకి ఏమీ తెలీదు" అన్నాడు అంబరీష్, నడిచి ముందుకొచ్చి. "చేసింది నేను. రేకు కోసింది, నంబరు తేల్చింది, అడుగున జిగురుతో అంటించింది, అంతా నేనే. మా తాత బచ్చప్ప ఈ గనిలో పోయినాడు. ఆయన టోకెన్ పైకి వస్తే మా అవ్వ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు తల తిరిగింది. అందురికీ ఇట్లే నవ్వు వస్తాదనుకున్నాను. మా అవ్వ ఒక్కతే మొగుణ్ణి నంబరుతో పిలుస్తాది, మిగతా ఇండ్లకి అది గని గుర్తు మాత్రమే అనుకున్నాను. లైన్లలో ఆడోళ్లందరికీ అదే పేరని బుధవారం దాకా నాకు తెలీదు. అడక్కుండా మీ మనుషుల్ని మీ ఇండ్లలోకి తెచ్చినాను. తప్పే. నిన్నా ఈ పొద్దూ ఇంటింటికీ పోయి కాళ్లు పట్టుకున్నాను. సొన్నమ్మవ్వ ఇంటికి ఆ నంబరే ఎట్లా పోయిందో మాత్రం నాకు తెలీదు. నేను పెట్టెల మీద పేర్లు రాయలేదు. అది కూడా నేనే చేసినానని మాత్రం ఒప్పుకోలేను."

హాలు చల్లబడిపోయింది. ఒక్క క్షణం ఎవరూ పక్కవాళ్ల ముఖం చూడలేదు.

సొన్నమ్మ పెట్టెని గుండెకి అదుముకుంది. "వాడు నిన్న వచ్చి అంతా చెప్పినాక నేను భయపడుతూనే పిడి తిప్పితిని" అంది. "ఇంగ ఇది వాపసు ఇయ్యను మేడం. నా మనవరాలు 'తాత ఎట్లా ఉంటా ఉండె' అని అడిగింది. పుట్టినాక అదే మొదటిసారి."

వెనక ముసలాయన ఒకడు గొంతు సవరించుకున్నాడు. "మా అన్నది పందొమ్మిది సున్నా మూడు. అది ఏ పెట్టెలో వస్తాదో కనుక్కుందామని వచ్చినాను."

నేత్రావతి మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "అడిగి పెట్టాల" అంది చివరికి. "ప్రతి ఇంటినీ అడిగి, ఒప్పుకున్నోళ్ల నంబర్లే పెట్టాల. ఆ బోర్డు గురించి ఒక పేజీ రాసి కిట్లో వేయాల. అట్లయితే మూడు వందలూ పంపండి."

ధన్య కుర్చీలో కూలబడింది. నవ్వు వస్తోంది, ఏడుపు వస్తోంది, ఈ మనిషికి ఆ చేత్తో ఒకటి ఇవ్వాలనీ ఉంది.

హనుమంతయ్య చేతికర్ర నేలకి తట్టాడు. "ఆగండి. ఓయప్పా, నువ్వు. మా పాప నీకోసం తప్పంతా నెత్తిన వేసుకునింది, చూస్తివి గదా. నా అంగట్లో ఇంగేమన్నా చేసినావా? ఉంటే ఇప్పుడే కక్కెయ్యి."

అంబరీష్ ధన్య వైపు చూడలేదు. చేతికర్ర వైపే చూస్తూ, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ చెప్పాడు.

"ఇంగొకటి ఉండాది తాతా. ముప్పై రెండు షాఫ్టులు ఒక్క ఆటోలో పడతాయి. నేను మాత్రం వారానికి రెండే తెచ్చినాను. రంగు దొరకలేదంటిని, వాన అంటిని, అవ్వకి జ్వరం అంటిని. అన్నీ అబద్ధాలే. రెండే తెస్తే, వచ్చే వారం మళ్లీ రావొచ్చు గదా అని. మీ మేడకి పద్దెనిమిది మెట్లు. ఎక్కేటప్పుడల్లా ఈ దినం చెప్పేయాలనుకుంటాను. పైకి పోతానే ధన్య తలెత్తి చూస్తాది. నాకు అన్నీ మరిచిపోతాయి. రెండు షాఫ్టులు అక్కడ పెట్టి దిగొచ్చేస్తాను. ఆరు నెలలుగా ఇదే చేస్తా ఉండాను తాతా. మీ మనవరాలంటే నాకు ప్రాణం. దీనికి మాత్రం నేను ఎవురి కాళ్లూ పట్టుకోను."